ఆపరేటరు ఆనాడు తాగలేదు

నా పేరు సాయవ్వ. వయసు డెబ్బై దాటి రెండో మూడో. ఊరు నాగిరెడ్డిపేట. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, మనవరాలు, రెండు బర్రెలు. నాకు చదువు రాదు, నోరు వచ్చు. ఈ కాగితం రాస్తున్నది మా ఊరి బడి పంతులు. నేను మా మాటలో చెబుతున్నాను, ఆయన పుస్తకాల మాటలో పెడుతున్నాడు. పెట్టనీ. మనుషులు ఆడుకున్న మాటలు మాత్రం ఆడినట్టే రాయమన్నాను. ఒక్క సంగతి దాచినా, ఒక్క సంగతి అందంగా చేసినా వేలిముద్ర పెట్టనని ముందే చెప్పాను.

పోయిన బుధవారం పొద్దున నా కొడుకు మొదటి బస్సుకు పాల క్యాను ఎక్కిస్తుంటే కండక్టరు అన్నాడట, "మీ టెంటు సినిమా ఆపరేటరు పోయిండు, ఎరికేనా? రాత్రి నిద్రల్నే పోయిండట." కొడుకు ఇంటికొచ్చి చెప్పేసరికి నేను బర్రె కింద కూర్చుని ఉన్నాను. సగం పాలు పొదుగులోనే వదిలేసి లేచాను. యెల్లారెడ్డికి తిరిగి పోయే బస్సు ఎక్కాను.

నేను చేరేటప్పటికి జనాజా, అంటే పాడె, కదిలిపోయింది. ఆడవాళ్లు లోపల, ఇంటి ముందు బల్ల మీద నలుగురు మగవాళ్లు. నేను గడప దగ్గర చెప్పులు విడుస్తున్నాను. వాళ్లలో ఒకడు అన్నాడు, "ఉల్టా రీల్ భాయ్ పోయిండు. పైన దేవుడు ఆయన లెక్క ఏ రీలు నుంచి మొదలు వెడ్తడో."

ఇంకొకడు, "తాగినోనికి ఏ రీలు ముందైతేంది, ఏది వెనకైతేంది."

నవ్వారు. చావింటి ముందు నవ్వే నవ్వు, గొంతులో పెట్టుకుని నవ్వేది. లోపల ఆపరేటరు భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు వినబడింది. తల కూడా తిప్పలేదు. పదిహేనేళ్లుగా వింటున్న మాటకు కొత్తగా ఎవరు తల తిప్పుతారు? ఆ ముఖం చూసి, చెప్పాల్సినదాన్ని నేను, ఇంక దాచను అనుకున్నాను. అందుకే ఈ కాగితం. ఆ మనిషి తాగి రీళ్లు తారుమారు చేయలేదు. నేను చేయించాను.

*

ఆపరేటరు ఎలాంటివాడో తెలియనివాళ్ల కోసం ముందు అది చెబుతాను.

మా దగ్గర ఎండాకాలం ముందు టెంటు సినిమా దిగేది. గుడ్డ టెంటు, డీజిలింజను, ఒక్క మిషను. టెంటు కామారెడ్డి సేటుది. మిషను నడిపేది మాత్రం ఈయన, యెల్లారెడ్డి మనిషి. నేను గేటు దగ్గర గంప పెట్టుకుని వేయించిన పల్లీలు అమ్మేదాన్ని. ఏటా నాలుగు నెలలు పక్కపక్కనే ఉన్నాం కాబట్టి ఆయన తిండి, తిప్పలు, కోపం, నవ్వు అన్నీ నాకు తెలుసు.

కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. మిషనులో రెండు బొగ్గుపుల్లలు ఎదురెదురుగా పెట్టి మండిస్తారు, ఆ వెలుగే తెర మీద బొమ్మ. మంట చూసి చూసి ఆ కళ్లు అలా అయ్యాయి. తెలియనివాళ్లు కల్లు అనుకునేవాళ్లు. కల్లు వాసన వస్తే ఆయన ఆ వాసన రాని వైపు జరిగి కూర్చునేవాడు. మసీదు నుంచి అజాన్ వినిపిస్తే అది అయిపోయేదాకా మైకు పట్టుకునేవాడు కాదు. సేటు మనుషులు తొందర పెడితే, "ఆయన మైకు ముందుగాల పెట్టిండు, మనది తర్వాత" అనేవాడు. మిషను అద్దం తుడవడానికి భార్య పాత చీర ముక్క ఒకటి జేబులో ఉండేది. దానితో ముఖం తుడుచుకోవడం మేమెవరమూ చూడలేదు.

వేరే భాష సినిమా వస్తే ఈయన తెర పక్కన నిలబడి మైకులో మన మాటల్లో చెప్పేవాడు. రీలు ఎక్కించి, మంట సరిచేసి, పనివాణ్ని మిషను దగ్గర నిలబెట్టి తెర దగ్గరికి ఉరికేవాడు. "ఇప్పుడు ఈయన ఆమెను నమ్మిండు. నమ్మకపోతే బాగుండు." అలా. జనం నవ్వించమని అరిచేవాళ్లు, లేనిది కలపమనేవాళ్లు. కలిపేవాడు కాదు. "తెర మీద ఉన్నదే చెప్త, నా కడుపుల ఉన్నది చెప్ప" అనేవాడు.

ఇంకో అలవాటు. ఆట అయిపోయాక గేటు దగ్గర నిలబడి, పోయేవాళ్లను ఒక్కొక్కరిని అడిగేవాడు, "ఏం తీస్కపోతున్నవ్?" బాగుందా, బాగలేదా అని కాదు. ఏం తీసుకుపోతున్నావు అని. మావాళ్లు తిట్లతోనో పరాచికాలతోనో జవాబు చెప్పేవాళ్లు, ఆయన అన్నీ వినేవాడు. "చూసినోడు నోరిప్పితేనే ఆట అయినట్టు" అనేవాడు. పల్లీలు అమ్ముకునే ఆడదాన్ని, నన్ను కూడా అడిగేవాడు. నా అభిప్రాయం అడిగిన మగవాడు నా బతుకులో ఆయనొక్కడే.

*

అది కరువు ఏడు. పోచారం చెరువు నడుమ దాకా చెప్పులతో నడిచిపోయాం. ఆ వారం రావలసిన తెలుగు సినిమా డబ్బాలు రాలేదు. సేటు కామారెడ్డి నుంచి బస్సు మీద ఒక పాత ఇంగ్లీషు సినిమా పంపాడు. కామారెడ్డి హాలులో దాన్ని కుర్చీలు చూశాయట, మనుషులు చూడలేదట. ఐదు డబ్బాలు, ఐదు రీళ్లు. మిషను ఒక్కటే కాబట్టి రీలు రీలుకూ ఆపి మార్చాలి.

రాబోయే కాలం కథ. మొదటి రీలులో అడవి, వాగు, వాన. ఒక చిన్న పిల్ల దోసిలి పట్టి వాన తాగుతుంది. తర్వాత గుట్టలంత మిషన్లు వచ్చి భూమిని తవ్వుతాయి, చెట్లు పోతాయి, నీళ్లు పోతాయి, కడకు గాలి కూడా చెడిపోతుంది. మనుషులు భూమి కింద రేకుల గదుల్లో బతుకుతుంటారు. గాలి బుడ్లలో వస్తుంది, మనిషికి ఇన్ని అని చీటీ. ఆ పిల్ల అక్కడే పెరిగి ముసలిదవుతుంది. కడపటి రీలులో తన వంతు గాలి బుడ్డి పక్కనపెట్టి, మెట్లెక్కి పైకి వస్తుంది. పైన ఏముంటుంది? నెర్రెలు. ఒక ఎండిన వేరు దొరికితే దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, అక్కడే కన్ను మూస్తుంది. గాలి దుమ్ము. అంతే, తెర తెల్లబడింది.

ఆపరేటరు కడపటి రీలుకు ఒక్క మాటే చెప్పాడు. "ఆమె వాన కోసం వచ్చింది. వాన లేదు."

జనం లేవలేదు. ఇంజను ఆపాక కూడా కాసేపు కూర్చున్నారు. గేటు దగ్గర మాత్రం నోళ్లు తెరుచుకున్నాయి. రేషను ఇచ్చే కంట్రోల్ దుకాణం డీలరును అందరూ పట్టుకున్నారు.

"డీలరూ, నీ పంట పండింది పో. రేపటి సంది గాలి గూడ కంట్రోల్ల ఇస్తరట."

"నేనిస్త. నాదేం పోయింది?"

"నీ తూకంతోని ఇస్తే ఒక ముక్కుకే చాలదు, రెండో ముక్కు మూసుకోవాలె!"

బర్లు కాచే ముసలాయన, "గంతసేపు చూస్తి, ఒక్క బర్రె కనవడలే. బర్రె లేని దేశం యాడన్న ఉంటదా? అబద్ధం సినిమా" అన్నాడు. దుబాయి పోయి వచ్చిన ఒకాయన ఉన్నాడు, ఆయన నవ్వలేదు. "ఏం తీస్కపోతున్నవ్ భాయ్?" అని ఆపరేటరు అడిగితే, "తీస్కపోయేదేముంది, తీస్కనే వచ్చిన. రేకు డబ్బాల పది మందిమి, గొట్టంల నుంచి గాలి. అది రాబోయే కాలం కాదు, నేను మూడేండ్లు ఉండొచ్చిన జాగ" అన్నాడు.

నన్ను అడిగాడు. "పైసలిచ్చి ఏడుపు కొనుక్కునుడేంది తమ్మీ? గింత కరువుల గిది చూపిస్తరా?" అన్నాను. తల ఊపి, వెనక వచ్చేవాణ్ని అడిగాడు.

*

తెల్లవారి హోటలు దగ్గర ఒక సంగతి జరిగింది. మా ఊరి వెనక కంచెలో, అంటే చెట్లకు విడిచిన బీడులో, ఇప్పచెట్లు ఉండేవి, ఊరుమ్మడివి. ఎండాకాలం చీకటితోనే ఆడవాళ్లం పోయి పువ్వు ఏరుకొచ్చేవాళ్లం. కామారెడ్డి వైపు ఇటుకబట్టీ ఆయన ఒకడు ఆ చెట్లు కొట్టుకుంటానని, కొట్టే కూలి ఊరివాళ్లకే ఇస్తానని నెల రోజులుగా తిరుగుతున్నాడు. కరువులో కూలి అంటే ఎవరికి చేదు? ఊరు ఊగుతోంది. ఆ పొద్దున అతని మనిషి వస్తే హోటలు దగ్గరివాళ్లు, "చెట్ల ముచ్చట తియ్యకు. నిన్న చూసినం గదా ఏమైతదో" అని పంపించేశారు. ఒక్క ఆట చూసి. నేను చెవులారా విన్నాను.

నాకు అప్పుడు చెట్లు పట్టలేదు. ఇంట్లో కోడలు ముద్ద ముట్టలేదు.

దానికి అంతకు ముందు రెండుసార్లు కడుపు పోయింది. ఇది మూడోది, ఏడో నెల. ఇంట్లో కూర్చుంటే దిగులు పడుతుందని నేనే ఆటకు తీసుకుపోయాను. ఆ రాత్రి నుంచి గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే వద్దంది. "అత్తా, గసుంటి లోకంలకు పిల్లను ఎందుకు కనాలె?" అంది. నాకు ఒళ్లు మండింది. పల్లీల గంప అక్కడే పడేసి టెంటు దగ్గరికి పోయాను. ఆపరేటరు మిషను అద్దం తుడుచుకుంటున్నాడు.

"ఆపరేటరూ, బయటికి రా."

"ఏందవ్వా, పొద్దుగాల్నే పల్లీలా?"

"పల్లీలు కాదు నీ తలకాయ. నిన్న మా కోడలికి ఏం చూపించినవ్ నువ్వు? నీళ్లు గూడ ముట్టుత లేదు."

"తెర మీద ఉన్నదే చెప్పిన."

"అయితే తెర మీద ఉన్నది మార్చు."

నవ్వాడు. "నేను తీసిన సినిమానా అవ్వా అది?"

"తీసినోడు యాడున్నడో నాకేం ఎరుక? ఎక్కించేది నువ్వు. కడపటి డబ్బా మొదలు ఎక్కియ్యి, మొదటిది కడకు ఎక్కియ్యి. ముసల్ది సచ్చుడు మొదలే అయిపోతది, వాన కడకు పడుతది. ఎవలేడుస్తరు?"

నవ్వు ఆపేశాడు. చీర ముక్క మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "గట్ల చేస్తే నేను చెప్పేదంత అబద్ధమైతది."

"మనిషిని చంపే నిజం కన్న నయం గాదా? రెండుసార్లు పోయింది దానికి. ఇది గూడ పోతే నువ్వొచ్చి మట్టి చేస్తవా? నీ ఇంట్ల ఆడోళ్లు లేరా?"

డబ్బాల మీది నంబర్లు ఒక్కొక్కటే చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "కోడలు మల్ల వస్తదా ఆటకు?"

"చెయ్యి పట్టి గుంజుకొస్త."

"నిన్న చూసినోళ్లు ఇయాల మల్ల వస్తే అడుగుతరు. నిన్న నేను తప్పు ఎక్కించిన అని చెప్పాలె. వేరే తొవ్వ లేదు."

"చెప్పు. తప్పులు ఎవలు చెయ్యరు?"

ఎంత సులువుగా అన్నానో. ఉప్పు ఎక్కువైంది అన్నట్టు.

*

రెండో రోజు టెంటు నిండింది. మొదటి రోజు కథ విని చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా వచ్చారు. కోడలిని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆపరేటరు మైకులో అన్నాడు, "నిన్న రీళ్లు ఎక్కించుట్ల నాది పొరపాటైంది. ఇదే అసలు వరుస. మాఫ్ చేయుండ్రి." ఈలలు వేశారు. "ఏం తాగినవ్ భాయ్?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆ మాట పుట్టింది అక్కడే.

ముసలిది ముందే చచ్చిపోయింది. "ఆమె ఒళ్లె వేరు ఉంది, సూడుండ్రి. ఆ వేరు నుంచే మల్ల మొలుస్తది" అన్నాడు. మిషన్లు తవ్వే రీలుకు, "ఇది వెనకటి ముచ్చట, భూమి గిట్లనే ఎండింది" అన్నాడు. మనుషులు భూమి కింద ఉన్న రీళ్లు వస్తే, "భూమికి పుండు మానేదాక కింద దాసుకున్నరు" అన్నాడు. కడకు అడవి వచ్చింది, వాగు వచ్చింది, దోసిలి పట్టిన పిల్ల వచ్చింది. "ఈ పిల్ల ఆ ముసలామె మనవరాలు" అన్నాడు. తెరకు దగ్గరగా నిలబడ్డాడేమో, వాన అతని తెల్ల అంగీ మీద కూడా పడుతోంది. జనం చప్పట్లు కొట్టారు. నేల మీద కూర్చున్న ఆడవాళ్లు కొందరు ముందుకు చేతులు చాపారు. ఏడాదిగా చుక్క చూడని చేతులు.

గేటు దగ్గర ఆ రోజు పండుగలా ఉంది. "గిదీ సినిమా అంటే" అన్నారు. బర్ల ముసలాయన, "ఇయాల గూడ బర్రె లేదు" అన్నాడు. దుబాయి ఆయన మాత్రం, "నిన్నటిదే నిజం లెక్కుండె. ఇయాల్టిది సినిమా లెక్కుంది" అని వెళ్లిపోయాడు. హోటలు ఆయన అందరికీ వినబడేలా అన్నాడు, "సూసిండ్రా, లోకమే ఎండి మల్ల పచ్చవడ్డది. మన కంచె ఎంత? కొడితే మల్లొస్తయి." పది తలలు ఊగాయి. ఆపరేటరు ఆ మాట విన్నాడు. నోరు తెరిచాడు, నా వైపు చూశాడు, మూసుకున్నాడు.

నా దగ్గరికి వచ్చి, "ఏం తీస్కపోతున్నవవ్వా?" అన్నాడు. నేను నా పక్కకు చూపించాను. కోడలు నా గంపలోంచి పల్లీలు తీసుకుని ఒలుచుకుని తింటోంది.

*

మూడో రోజు మధ్యాహ్నం సేటు కామారెడ్డి నుంచి జీపులో వచ్చాడు. వంట పొయ్యి దగ్గర కూర్చున్న ఆపరేటరును లేపి, అందరి ముందు అడిగాడు, "రీళ్లు తారుమారు చేసినవట. మైకుల నువ్వే ఒప్పుకున్నవట. తాగినవా?"

"లేదు సేటూ."

"మరి ఎట్లైంది? ఇన్నేండ్ల నుంచి నడిపిస్తున్నవ్. డబ్బా మీద నంబరు కనవడలేదా? కండ్లు సూడు, నెత్తుర్ల ముంచినట్టున్నయి."

ఆపరేటరు నా వైపు చూశాడు. ఒక్కసారే. చెప్పమన్న చూపు కాదు అది. చెబుతావా అని అడిగిన చూపు. నేను పది అడుగుల దూరంలో గంప చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాను. నా వెనక కోడలు ఉంది, నీళ్ల బిందెతో. నేను నోరు తెరిస్తే రెండో రోజుది అబద్ధమని దానికి తెలిసిపోతుంది. ఊరంతా నా నోటికి భయపడుతుంది. పటేలును గల్లా పట్టి అడిగిన నోరు ఇది. ఆ మధ్యాహ్నం అది లేవలేదు.

సేటు మిషను తాళంచెవులు తీసుకున్నాడు. ఆపరేటరు చీర ముక్క జేబులో ఉందో లేదో చేత్తో చూసుకుని, బస్సు స్టేజీ వైపు నడిచాడు.

ఆ తర్వాత ఏ టెంటువాడూ, ఏ హాలువాడూ ఆయన్ని మిషను దగ్గరికి రానివ్వలేదు. యెల్లారెడ్డిలో కిరోసిను స్టౌలు, టార్చిలైట్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. నమాజుకు పోతుంటే వెనక నుంచి "ఉల్టా రీల్" అని పిలిచేవాళ్లట.

చెట్లు వారంలో పోయాయి. మేమే కొట్టాం. నా కొడుకూ కొట్టాడు. ఆ కూలితో తెచ్చిన జొన్నలే కోడలు తిన్నది. మనవరాలు పుట్టింది, చల్లగా ఉంది. చెట్లు పోయినందుకే వానలు తగ్గాయని చెప్పేంత తెలివి నాకు లేదు, చదివినవాళ్లు చెప్పాలి. ఇప్పపువ్వుకు పోయే తోవ పోయింది. మొదళ్లను కూడా తవ్వుకుపోయారు కాబట్టి మళ్లీ మొలవలేదు. అంతవరకు నాకు తెలుసు.

పిల్ల పుట్టాక చెబుదామనుకున్నాను. పుట్టింది. పాలు మరిచాక అనుకున్నాను. చెట్లు అంతకు ముందే పోయాయి. ఇప్పుడు చెబితే ఆ పాపం కూడా నా మీదే పడుతుందని ఊరుకున్నాను. నిజం ఇదే, పంతులూ, ఇది కూడా రాయి.

కొన్నేళ్లకు మా స్టౌ పాడైతే యెల్లారెడ్డి పోయి ఆయన కొట్టు ముందు కూర్చున్నాను. ఏమీ జరగనట్టే పలకరించాడు. పిన్నుతో స్టౌ రంధ్రం పొడుస్తూ అడిగాడు, "మనవరాలా, మనవడా?"

"మనవరాలు."

"పేరేం పెట్టిండ్రు?"

చెప్పాను. రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. నేను ఉండబట్టలేక, "తమ్మీ, నేను మీవాళ్లకు చెప్త. నువ్వు తాగలేదని, నేనే చేయించిన అని" అన్నాను.

స్టౌ పక్కన పెట్టాడు. "అవ్వా, నౌకరి పోయినందుకు నాకు రంది లేదు. ఆ రోజు హోటలాయన చెట్ల ముచ్చట అన్నప్పుడు, నిన్నటిదే నిజం అని నేను చెప్పాల్సుండె. చెప్పలే. అందరిని ఏం తీస్కపోతున్నవ్ అని అడిగేటోన్ని, వాళ్లకు అబద్ధం ఇచ్చి పంపిన. ఇగ నీ ముచ్చట అంటవా, అది నా దగ్గర అమానత్. నువ్వు దాచుకున్నవ్, నేను దాచిపెట్టిన. నీది నువ్వొచ్చి తీస్కపోతే ఇస్త. నా అంతట నేను బయట వెయ్య."

అమానత్ అంటే ఒకరు నమ్మి మన దగ్గర దాచుకున్నది. దాన్ని ఆ రోజే తీసుకుని ఉండొచ్చు. ఆయన భార్య లోపలే ఉంది, రెండడుగుల దూరం. నేను స్టౌ తీసుకుని బస్సెక్కాను.

*

బుధవారం చావింటి నుంచి తిరిగి వచ్చి కోడలిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, నా కాళ్ల మీద పడుతుందనుకున్నాను. చాట పక్కన పెట్టి అంది, "నాకు ఎరికే అత్తా."

"ఏం ఎరిక?"

"మొదటి రోజుదే నిజమని. రెండో రోజు ఆపరేటరు గొంతు వేరేగుండె. ఎన్ని సినిమాలకు ఆయన గొంతు ఇన్నం? అబద్ధం చెప్పుడు రాదాయనకు."

"మరి పల్లీలు తింటివి కదనే!"

"నువ్వు నా మొఖం దిక్కే సూడవడ్తివి. తినకపోతే ఇంకేం జేస్తవో అని తిన్న." చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, "నా పేరు అడ్డం పెట్టుకోకు అత్తా. నన్నడిగినవా నువ్వు?" అంది.

అంటే ఆయన పేరు పోయింది, చెట్లు పోయాయి, ఆ అబద్ధం ఎవరి కోసమో ఆ మనిషి దాన్ని నమ్మనేలేదు.

శుక్రవారం కోడలిని తోడు పెట్టుకుని యెల్లారెడ్డి వచ్చాను. ఆపరేటరు భార్యకు మొదటి నుంచి చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. తిట్టలేదు. "పదిహేనేండ్లు" అంది. "నాగిరెడ్డిపేట నుంచి యెల్లారెడ్డికి బస్సు లేకుండెనా?"

ఆమె నా ముందుకు జరిగి కూర్చుంది.

"నేను అడిగిన, ఎన్నిసార్లో అడిగిన. తాగినవా, ఎందుకట్ల చేసినవ్ అని. అమానత్ అన్నడు, ఇంకేమన్లే. నేను గూడ ఒక్కోపారి అనుకున్న, తాగిండేమో అని. నేను గూడ! గది ఎట్ల వాపస్ ఇస్తవ్ నాకు?" అంది. తర్వాత, "నోటి మాట గాలికి పోతది. కాగితం రాయించు. ఇక్కడ్నే, నా ముందట కూసోని" అంది.

అందుకే ఈ ఆదివారం పంతులును తీసుకుని వచ్చి ఆమె ఇంటి గచ్చు మీద కూర్చుని చెబుతున్నాను. నేను చెబుతున్నంతసేపూ ఆమె మాకు వీపు పెట్టి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కోడలు తలుపు దగ్గర కూర్చుంది. అయిపోయింది, చదివి వినిపించు అన్నాను. పంతులు మొదటి నుంచి చదివాడు. "ఆ మనిషి తాగి రీళ్లు తారుమారు చేయలేదు" అన్న చోటికి వచ్చేసరికి ఆమె చేయి ఆగింది.

"మల్ల చదువు" అంది.

చదివాడు.

ఆమె లేచింది. ఒళ్లోని నూకలు దులుపుకుని, కోడలిని పక్కకు జరగమని, వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. మూసుకుపోకుండా ఒక రెక్కకు నీళ్ల బిందె అడ్డం పెట్టింది. ఎదురింటి అరుగు మీద ముగ్గురు కూర్చున్నారు, సందులో ఒకాయన సైకిలు దిగి నిలబడ్డాడు. ఆమె గడప మీద నిలబడి, తల మీద కొంగు సరిచేసుకుని, ముఖం వాళ్ల వైపే పెట్టి అంది:

"మల్ల చదువు పంతులూ. గట్టిగ."

పంతులు గట్టిగా చదివాడు, తర్వాత ఈ నాలుగు ముక్కలూ కింద రాశాడు. ఇంతవరకు నేను చెప్పిందే. మూడుసార్లు విని ఒప్పుకుని గుర్తు పెడుతున్నాను.

సాయవ్వ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర

చూసినవాళ్లు: లక్ష్మి, కోడలు
హాజీరా బీ, ఆపరేటరు భార్య
రాసినది: రాజయ్య, బడి పంతులు